బీరువా తాళం తీయించడమే అసలు ప్రాజెక్టు

(ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సైన్సు చదువుకు సాయం చేయాలనుకునే సేవా క్లబ్బుల సభ్యుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం, వెనక వరసలో కూర్చున్న సైన్సు మాస్టార్లకూ మేడమ్ గార్లకూ మరీ మరీ నమస్కారం. క్లాసులో పిల్లల్ని ముందు బెంచీకి రమ్మని పిలుస్తారు, సభకొస్తే మాత్రం మీరే ఆఖరి బెంచీ. ముందుకు రండి మాస్టారూ. ఈ పూట మాట్లాడేదంతా మీ బీరువా గురించే.

రోటరీ కానివ్వండి, లయన్స్ కానివ్వండి, వాసవీ క్లబ్బు కానివ్వండి, సైన్సుకు సాయం అనగానే మనం చేసే పని ఒకటుంది. ఒక పెద్ద పెట్టె కొంటాం. దాని మీద క్లబ్బు ముద్ర వేయిస్తాం. బడికెళ్ళి హెడ్మాస్టరు గారి చేతికిస్తూ ఫోటో దిగుతాం. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వస్తుంది. బాగుంది. మరి ఆ పెట్టె తరువాత ఎక్కడికి పోయింది? ఎవరైనా వెళ్ళి చూశారా? చెప్పండి. సరే, నేను చెబుతాను. బీరువాలోకి పోయింది. బీరువాకు తాళం పడింది.

మాస్టారి బద్ధకం అనుకుంటాం మనం. కాదండీ. బడిలో స్టాకు రిజిస్టరు అని ఒకటి ఉంటుంది. మీరిచ్చిన ప్రతి బీకరూ, ప్రతి కటకమూ, ప్రతి అమ్మీటరూ అందులో ఎక్కుతుంది. మాస్టారికి బదిలీ వచ్చిన రోజున ఆ రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ లెక్క అప్పజెప్పాలి. నాలుగు బీకర్లు తగ్గితే సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలి? మీరా? క్లబ్బా? మాస్టారే. అందుకని ఆయన ఏం చేస్తారు? ఏ తెలివైన మనిషైనా చేసే పనే చేస్తారు. తాళం వేస్తారు. పగలకుండా ఉండాలంటే పిల్లల చేతికి ఇవ్వకపోవడం ఒక్కటే దారి కదా!

కాబట్టి మన ప్రాజెక్టు పెట్టె కొనడం కాదు. బీరువా తాళం తీయించడం. తాళం ఎప్పుడు తెరుచుకుంటుంది? "పగిలితే మాది" అని ఎవరో ఒకరు కాగితం మీద రాసిచ్చినప్పుడు. మాటగా చెబితే సరిపోదు. కాగితం మీద.

ఆ కాగితం ఎలా ఉండాలో చెబుతాను, రాసుకోండి. సామాన్ని రెండు జాబితాలుగా విడగొట్టండి. మొదటిది అరిగిపోయేవీ, పగిలిపోయేవీ: టెస్ట్ ట్యూబులు, బీకర్లు, స్లైడులు, కవర్ స్లిప్పులు, సెల్సు, తీగలు, ఫ్యూజులు, రసాయనాలు. ఇవి వినియోగ వస్తువులు అని జాబితా పైనే రాయండి. గాజు సామాను ఈ జాబితాలోనే ఉండాలి, మర్చిపోకండి. రెండోది నిలిచి ఉండేవి: మైక్రోస్కోపు, మల్టీమీటరు, త్రాసు. వీటిని దానంగా ఇవ్వకండి. క్లబ్బు ఆస్తిగానే ఉంచి, "వాడకానికి ఇచ్చినవి, మరమ్మతు క్లబ్బుదే" అని హెడ్మాస్టరు గారికి తెలిసేలా ఉత్తరం పెట్టండి. అప్పుడు మాస్టారు బదిలీ అయి వెళ్ళేరోజున ఆయన మెడకు చుట్టుకోదు. ఏటా ఒక్కో బడికి పగుళ్ళ ఖాతా కింద ఓ అయిదు వేలు పక్కన పెట్టండి. టెస్ట్ ట్యూబు ఖరీదు మీరు ఇందాక తిన్న సమోసా ఖరీదుకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక ఏడాదిలో ఒక్కటీ పగల్లేదంటే సంతోషించకండి. ఆ బడిలో బీరువా తెరవలేదన్న మాట.

రెండో విషయం క్యాలెండరు. మన రోటరీ, లయన్స్ క్లబ్బుల్లో కొత్త సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. కొత్త అధ్యక్షులు, కొత్త కార్యదర్శి, కొత్త ఉత్సాహం. ప్రమాణ స్వీకారాలు అయ్యేసరికి ఆగస్టు. ప్రాజెక్టు కమిటీ కూర్చుని, కొటేషన్లు తెప్పించి, సామాను వచ్చేసరికి దసరా సెలవులు. బడేమో జూన్ 12 ప్రాంతంలోనే తెరిచేశారు. జనవరిలో సంక్రాంతి. సంక్రాంతి దాటిందంటే పదో తరగతి పిల్లలు ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, ప్రీఫైనల్సు, వాళ్ళను కదిలించడానికి లేదు. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. సి.వి. రామన్ 1928లో తన ఆవిష్కరణ ప్రకటించిన రోజు. మనకు ఆ రోజే సైన్సు గుర్తొస్తుంది. పదో తరగతి వాళ్ళకు ఆ రోజు దేవుడు తప్ప ఇంకేమీ గుర్తుండదు.

మరి ప్రయోగాలకు దొరికే కాలం ఎంత? జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, నవంబరు డిసెంబరు ఒకటి. అంతే. అందుకని సామాను కొనాల్సింది పాత అధ్యక్షులు, మే నెలలో. వాడించాల్సింది కొత్త అధ్యక్షులు, జూలై నుంచి. ఒకరు కొన్నది ఇంకొకరి ఫోటోలో పడుతుంది. ఇది ఒప్పుకోగలిగిన క్లబ్బే ఈ పని చేయగలదు. ఒప్పుకోలేకపోతే పుస్తకాల సంచులు పంచండి, అదీ మంచిదే.

ఏం కొనాలి? కొనేముందు బడికి ఒకసారి చెయ్యి ఊపుకుంటూ వెళ్ళండి. దండలొద్దు, బ్యానరొద్దు. మూడు చూడండి. నీళ్ళ కుళాయి ఉందా, అందులో నీళ్ళొస్తున్నాయా? ప్లగ్గు పాయింటులో కరెంటు ఉందా? చీకటి చేయగలిగే కిటికీ ఉందా? కుళాయి లేని గదికి ఆమ్లాలు ఇవ్వకూడదు. కంట్లో చుక్క పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడగాలి. బాటిల్లో నీళ్ళతో కడిగేది కాదది. అలాంటి బడికి మన మొదటి సాయం ఒక కుళాయి. సైన్సు పరికరాల జాబితాలో ప్లంబరు పని ఉండదు, కానీ ముందు అదే.

తరువాత బజారులో అమ్మే "పూర్తి సైన్సు కిట్టు" జోలికి వెళ్ళకండి. అందులో వంద రకాలుంటాయి, రకానికి ఒకటి. క్లాసులో నలభై మంది. మాస్టారు బల్ల మీద పెట్టి చేసి చూపిస్తే మూడో బెంచీ వాడికి మాస్టారి వీపు కనబడుతుంది. నాకు వంద రకాలు వద్దు. పది రకాలు చాలు, కానీ ఒక్కో రకం ఎనిమిది సెట్లు కావాలి. అయిదుగురికి ఒక సెట్టు. వంద రకాలు ఒక్కొక్కటి అంటే ప్రదర్శన. పది రకాలు ఎనిమిదేసి అంటే ప్రయోగం.

ఒక పీరియడు 45 నిమిషాలు. సామాను పంచడానికి పది, సర్దడానికి పది పోతే మిగిలేది పాతిక. అందుకని ఒక్కో సెట్టునూ మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. స్వీటు షాపు డబ్బాలు భేషుగ్గా పనికొస్తాయి. మూత లోపలి వైపు ఏమేం ఉండాలో బొమ్మ వేసి అంటించండి. బొమ్మ ఎందుకంటే లెక్క పెట్టడానికి చదవక్కర్లేదు, చూస్తే చాలు. తీసుకునేటప్పుడు ఒకసారి, తిరిగిచ్చేటప్పుడు ఒకసారి చూసుకుంటారు. పోయింది ఏదో అక్కడికక్కడే తెలుస్తుంది. ఈ డబ్బాల కాపలా తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పజెప్పండి. రోటరీ వాళ్ళకు ఇంటరాక్ట్ క్లబ్బులు ఉన్నాయి కదా, 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు. ఆ పిల్లలతో ఈ పని చేయించవచ్చు, ర్యాలీలో ప్లకార్డు పట్టించడం కంటే.

సరే, డబ్బాలో ఏముండాలి? ఇక్కడే మీ అసలు బలం ఉంది. మీ చెక్కు బుక్కు కాదు, మీ దుకాణాలు. ఈ హాల్లో మెడికల్ షాపు వాళ్ళున్నారు. కళ్ళద్దాల షాపు వాళ్ళున్నారు. మోటారు వైండింగు చేసేవాళ్ళున్నారు. ల్యాబ్ నడిపేవాళ్ళున్నారు. పదో తరగతి సైన్సు పుస్తకంలో సగం సామాను మీ గోడౌన్లలో చెత్త కింద పడి ఉంది. ఆశ్చర్యంగా ఉందా? ఒక్కొక్కటీ చూద్దాం.

మోటారు. మన పల్లెల్లో బోరు మోటారు కాలని ఊరుందా? వైండింగు షాపులో ఎనామిల్ పూసిన రాగి తీగ ముక్కలు కిలోల్లో ఉంటాయి. 22 గేజీ తీగ ఒక మీటరు తీసుకోండి. పెద్ద టార్చి సెల్ మీదే ఎనిమిది చుట్లు చుట్టి, ఆ చుట్టను సెల్ మీంచి జార్చి తీయండి. రెండు కొసలూ ఎదురెదురుగా అయిదేసి సెంటీమీటర్లు బయటికి వదలండి. సెల్‌కు రెండు పక్కలా రెండు పిన్నీసులు, వాటిని పట్టి ఉంచడానికి సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ. సెల్ మీద పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం. తీగ చుట్టను పిన్నీసుల కంతల్లో ఊయలలా వేయండి. తిరగాలి. తిరగదు.

ఎందుకు తిరగదు? ఎనామిల్ గీకలేదు కాబట్టి. గరుకు కాగితంతో గీకాలి. పిల్లలు ఏం చేస్తారంటే రెండు కొసలూ శుభ్రంగా, చుట్టూతా గీకేస్తారు. అప్పుడు చుట్ట అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. ఒక కొస మాత్రమే చుట్టూతా గీకాలి. రెండో కొస సగమే. చుట్టను నిలువుగా పట్టుకుని, కొసకు పై సగం గీకి, కింద సగం ఎనామిల్ అలాగే వదిలేయాలి. ఎందుకు? సగం తిరుగుడులో కరెంటు తోస్తుంది. మిగతా సగంలో కూడా కరెంటు ఉంటే అదే బలం వెనక్కి లాగుతుంది. ఆ సగంలో కరెంటు ఆగిపోవాలి, చుట్ట తన ఊపుతో తాను దాటుకోవాలి. మీ బోరు మోటార్లో ఉన్న సూత్రమూ దీనికి చుట్టమే. పిల్లవాడు ఈ సగం గీకడం తన చేతులతో తప్పు చేసి, మళ్ళీ సరి చేసుకున్నాడంటే ఆ పాఠం వాడికి మళ్ళీ చెప్పక్కర్లేదు. ఒక జాగ్రత్త. ఈ తీగకు నిరోధం దాదాపు లేదు, సెల్‌ను నేరుగా కలిపినట్టే లెక్క. అది వేడెక్కుతుంది. నిమిషం తిప్పి తీసేయాలి. మామూలు టార్చి సెల్ వాడండి. సెల్‌ఫోను బ్యాటరీలు ఈ పనికి ముట్టుకోనివ్వకండి.

కటకాలు. కళ్ళద్దాల షాపులో కోతకు ముందు గుండ్రంగా ఉండే అద్దాలుంటాయి. ప్లస్ 10 పవరు అడగండి. నూటిని పవరుతో భాగిస్తే నాభ్యంతరం, అంటే దూరపు వస్తువు బొమ్మ కటకం నుంచి ఎంత దూరాన పడుతుందో అది, సెంటీమీటర్లలో వస్తుంది. ప్లస్ 10 అంటే 10 సెంటీమీటర్లు. ప్లస్ 5 అంటే 20. మీ చత్వారం అద్దం ప్లస్ 2 అయితే దాని నాభ్యంతరం అర మీటరు. కిటికీకి ఎదురు గోడ మీద కాగితం పెట్టి అద్దం ముందుకూ వెనక్కూ జరిపితే బయట చెట్టు తలకిందులుగా పడుతుంది. క్లాసు గోల చేస్తుంది. గోల చేయనివ్వండి. కటకంతో సూర్యుణ్ణి చూడకూడదన్నది మాత్రం ముందే, గట్టిగా, రెండుసార్లు చెప్పాలి.

మల్టీమీటరు. చవక రకమే చాలు, ఎనిమిది కొనండి. దీనితో ఓమ్ నియమం చేయించడానికి 100 ఓముల, అర వాటు రెసిస్టరు తీసుకోండి. ఒక సెల్ పెడితే 15 మిల్లీ ఆంపియర్లు, రెండు పెడితే 30, నాలుగు పెడితే 60. గ్రాఫు గీత గీసినట్టు వస్తుంది. ఇది అయ్యాక రెసిస్టరు తీసి టార్చి బల్బు పెట్టించండి. బల్బుకు కరెంటు ఎక్కువ పడుతుంది, మిల్లీ ఆంపియర్ల రేంజి దాటే వీలుంది, కాబట్టి ఎర్ర వైరు 10 ఆంపియర్ల కంతలోకి మార్చించి మరీ పెట్టించండి. ఈసారి గీత వంగుతుంది. ఎందుకు వంగింది అని అడిగి ఊరుకోండి. జవాబు మీరు చెప్పకండి. తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుందని ఎవడో ఒకడు పట్టుకుంటాడు.

ఇక్కడ చెడిపోయేది ఏమిటి? రెండు. మొదటిది, కరెంటు కొలిచే స్థానంలో ఉంచి మీటరును నేరుగా సెల్ రెండు కొసలకూ పెట్టేస్తారు. లోపల ఫ్యూజు పోతుంది. విచిత్రం ఏమిటంటే వోల్టులు బాగానే చూపిస్తుంది, కరెంటు మాత్రం సున్నా. మాస్టారు మీటరు పాడైందని బీరువాలో పెట్టేస్తారు. పాడవలేదండీ! వెనక మరలు విప్పితే చిన్న గాజు ఫ్యూజు. దాని విలువ లోపలే రాసి ఉంటుంది. అదే విలువది ఇరవై కొని డబ్బాలో పెట్టండి. ఫ్యూజు బదులు తీగ చుట్టే అలవాటు మన ఇళ్ళలో ఉంది చూశారూ, దాన్ని బడిలో అడుగు పెట్టనివ్వకండి. రెండోది, ఇందాక చెప్పిన 10 ఆంపియర్ల కంత. చవక మీటర్లలో దానికి ఫ్యూజు ఉండదు. ఎర్ర వైరు అందులోనే మర్చిపోయి వోల్టులు కొలవబోతే నేరుగా షార్టు. అందుకని బల్బు పని అవగానే వైరు వెనక్కి మార్చాలి, మళ్ళీ క్లాసులో ఎవరికీ అది అవసరం లేదు కాబట్టి ఆ కంత మీద టేపు అంటించేయాలి. వేసవి సెలవులకు ముందు బ్యాటరీలు తీసేయాలి. లేదంటే జూన్‌లో పచ్చగా చిలుము పట్టి కనబడతాయి.

మెడికల్ షాపు. ఆకులో పిండిపదార్థం పరీక్షకు అయోడిన్ కావాలి. గాయాలకు పూసే పోవిడోన్ అయోడిన్ 5 శాతం ద్రావణం ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపితే పని జరుగుతుంది. మందార మొక్కను రెండు రోజులు చీకట్లో పెట్టండి, తరువాత ఒక ఆకులో కొంత మేర నల్ల కాగితం చుట్టి ఎండలో పెట్టండి. ఆకును వేణ్ణీళ్ళలో ఒక నిమిషం ముంచి, తరువాత స్పిరిటు పోసిన టెస్ట్ ట్యూబులో వేయాలి. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. స్పిరిటును మంట మీద పెట్టకూడదు. పెట్టనే కూడదు. 78 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరి అంటుకుంటుంది. ఫ్లాస్కులో మరిగిన నీళ్ళు తెచ్చి బీకరులో పోసి, మంటలన్నీ ఆర్పి, అందులో టెస్ట్ ట్యూబు నిలబెట్టండి. పది నిమిషాల్లో ఆకు పాలిపోతుంది. పెళుసుగా ఉంటుంది కాబట్టి మళ్ళీ వేణ్ణీళ్ళలో ముంచి అప్పుడు అయోడిన్ వేయాలి. నల్ల కాగితం ఉన్న మేర గోధుమ రంగు, మిగతాది నీలి నలుపు. నిగనిగలాడే మైనపు పూత ఆకులు తెస్తే ప్రయోగం తప్పుతుంది, తప్పు పిల్లలది కాదు.

వంటింట్లో పసుపు. పసుపును స్పిరిటులో కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరబెడితే సూచిక తయారు. సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి అదే కదా. అమ్మమ్మలకు తెలిసిన రసాయన శాస్త్రం. కానీ పసుపు క్షారానికే పలుకుతుంది, నిమ్మరసానికి ఉలకదు పలకదు. ఆమ్లానికి మందార పూలు కావాలి: ఆమ్లంలో గులాబీ ఎరుపు, క్షారంలో ఆకుపచ్చ. ఇంకో మాట. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే మీ పసుపు గులాబీ రంగుకు తిరిగిందంటే, అందులో మెటానిల్ యెల్లో అనే కృత్రిమ రంగు కల్తీ ఉందేమో అనుమానించాలి. కిరాణా వ్యాపారులు కూడా సభలో ఉన్నారు, నేను ఇక్కడితో ఆపుతాను.

ఆమ్లాల మాట వచ్చింది కాబట్టి. గాఢ ఆమ్లం సీసాలు బడికి దానం చేయకండి. సోడియం లోహం ఇవ్వకండి. పాదరసం ఉన్న థర్మామీటరు ఇవ్వకండి, ఎర్ర ఆల్కహాలు ఉన్నవే ఇవ్వండి. ఆమ్లం కావాలంటే ఊళ్ళో డిగ్రీ కాలేజీ రసాయన శాస్త్రం వాళ్ళతో పలచన చేయించి, పేరూ తారీఖూ అంటించిన సీసాల్లో తీసుకెళ్ళండి. ఒక లీటరు ఒక మోలారు హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ముందు 900 మిల్లీ లీటర్ల నీళ్ళు, అందులోకి గాఢ ఆమ్లం 85 మిల్లీ లీటర్లు సన్నధారగా కలుపుతూ, ఆ పైన లీటరు గీత దాకా నీళ్ళు. ఎప్పుడూ నీళ్ళలోకి ఆమ్లమే. ఆమ్లంలోకి నీళ్ళు పోస్తే అప్పటికప్పుడు పుట్టిన వేడికి పైకి చిమ్ముతుంది. బాత్‌రూములు కడిగే యాసిడ్ తేవద్దు, అందులో ఇనుము మలినాలు ఉంటాయి, రంగు ఫలితాలు చెడతాయి. మెగ్నీషియం రిబ్బను నల్లబడి ఉంటే అంటుకోదు. పాడైందనుకుని పారేయకుండా గరుకు కాగితంతో రుద్దండి.

మైక్రోస్కోపుకు శత్రువు పిల్లవాడు కాదు, వానాకాలం. గుడ్డ కప్పి బీరువాలో పెడితే కటకాల లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. మీ బూట్ల పెట్టెల్లో, మందుల డబ్బాల్లో వచ్చేవే. ల్యాబ్ నడిపే సభ్యులు ఏడాదికి రెండుసార్లు వెళ్ళి తుడిచి వస్తే చాలు, ఆ సేవ ఏ చెక్కుకూ తీసిపోదు. డబ్బు తక్కువ ఉంటే కాగితపు మైక్రోస్కోపులున్నాయి. మను ప్రకాశ్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో తయారు చేసిన ఫోల్డ్‌స్కోపు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఉల్లిపొర కణాలకు అది చాలు. దాన్ని పిల్లవాడు ఇంటికి కూడా పట్టుకెళ్ళవచ్చు.

ఇక టెలిస్కోపు. ప్రతి క్లబ్బుకూ టెలిస్కోపు ఇవ్వాలని ఉంటుంది. ఫోటోలో బాగుంటుంది మరి. రాత్రి బడి తెరిచి ఉంటుందా? ఆడపిల్లలు రాత్రి ఎనిమిదింటికి వస్తారా? దాన్ని సరిచేయడం ఎవరికి వచ్చు? వద్దండీ. ఒక మీటరు కర్ర ఇవ్వండి.

నవ్వకండి, కర్రతో భూమి చుట్టుకొలత వస్తుంది. రెండు వేల ఏళ్ళకు ముందే ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసిన పని. మనకున్న సౌకర్యం ఏమిటంటే హైదరాబాదూ కడపా దాదాపు ఒకే రేఖాంశం మీదున్నాయి. రెండు ఊళ్ళ క్లబ్బులు జట్టు కట్టండి. డిసెంబరు 21న చేయండి, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. హైదరాబాదులో మధ్యాహ్నం మీటరు కర్ర నీడ 86 సెంటీమీటర్లు దాటి వస్తుంది, కడపలో 78కి కొంచెం తక్కువ. నీడ పొడవును కర్ర ఎత్తుతో భాగించి టాన్ పట్టికలో చూస్తే, సూర్యుడు నడినెత్తి నుంచి ఒరిగిన కోణాలు 40.8, 37.9 డిగ్రీలు. తేడా 2.9. ఉత్తర దక్షిణాలుగా ఆ రెండు ఊళ్ళ దూరం సుమారు 325 కిలోమీటర్లు. పటం మీద కొలిచింది, బస్సు టికెట్టు మీదది కాదు. 325ను 360తో హెచ్చించి 2.9తో భాగించండి. 40 వేల కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. వచ్చిందా?

మొదటిసారి రాదు. ఎందుకు రాదో చెబుతాను. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పు ఉన్న బింబం. అందుకని నీడ కొస ఒకటిన్నర సెంటీమీటరు మేర అలుక్కుపోయి ఉంటుంది. ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయితే జవాబులో పది శాతం పైనే తేడా. దీనికి మందు: కర్ర కొసన అట్టముక్క అంటించి దానికి నాలుగు మిల్లీమీటర్ల చిల్లు పెట్టండి. నీడలో గుండ్రని వెలుగు మచ్చ పడుతుంది, దాని మధ్య బిందువు గుర్తించండి. కర్ర ఎత్తు చిల్లు దాకా కొలవాలి. కర్ర నిటారుగా ఉందా లేదా తాపీమేస్త్రీ గుండుతో చూడండి, నేల సమంగా ఉందా నీళ్ళ గొట్టంతో చూడండి. గడియారం 12 కొట్టినప్పుడు మిట్టమధ్యాహ్నం కాదు, హైదరాబాదుకు ఆ రోజు 12 గంటల 14 నిమిషాల ప్రాంతం. అందుకని 11:50 నుంచి అయిదేసి నిమిషాలకు గుర్తులు పెట్టించి, అన్నిటికంటే పొట్టి నీడ తీసుకోండి. కోణాన్ని కోణమానితో కొలవొద్దు. మనం వెతికే తేడా మూడు డిగ్రీలు లేదు, కోణమానిలో అర డిగ్రీ తప్పు పోతుంది. పదో తరగతి వాళ్ళకు టాన్ పట్టిక ఎందుకో ఈ రోజే అర్థమవుతుంది.

నీడ లేని రోజు చేయవచ్చు కదా అంటారు. హైదరాబాదులో మే 9న, ఆగస్టు 3న కర్ర నీడ కాళ్ళ కిందే పడుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఊరికీ ఏడాదికి అలాంటి రోజులు రెండు. కానీ మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. పెట్టుకోండి, కానీ మబ్బు పడితే ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకోండి.

సైన్సు ఫేరు గురించి రెండు ముక్కలు. థర్మాకోలు అగ్నిపర్వతాలకు షీల్డులు ఇచ్చి ఇచ్చి అలసిపోయాం. న్యాయనిర్ణేతగా వెళ్ళినప్పుడు మూడే అడగండి: ఏం కొలిచావు? ఎన్నిసార్లు కొలిచావు? ఏది కుదరలేదు? మూడోదానికి తడుముకోకుండా జవాబు చెప్పినవాడికి బహుమతి ఇవ్వండి. బడి పిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన ఆలోచనకు కేంద్రం నుంచి 10 వేల రూపాయలు పిల్లల బ్యాంకు ఖాతాలోకి వస్తాయి. ఒక బడి నుంచి అయిదు ఆలోచనలు పంపవచ్చు. ఆఖరి తేదీ సాయంత్రం యూట్యూబు చూసి పంపడం అలవాటైపోయింది. మీరు చేయగలిగింది చిన్నది: బడి తెరిచిన నెలలోనే ఒక డబ్బా పెట్టి "మీ ఇంట్లో, పొలంలో దేనితో ఇబ్బంది?" అని చీటీలు వేయించండి, పిల్లలకు ఖాతాలు తెరిపించండి. బ్యాంకు వాళ్ళు మీ క్లబ్బులోనే ఉన్నారు కదా. అలాగే జన విజ్ఞాన వేదిక వాళ్ళు చెకుముకి పత్రిక తెస్తారు, పిల్లలకు పరీక్షలు పెడతారు. అన్నీ మనమే కొత్తగా మొదలుపెట్టాలని పట్టు పట్టొద్దు. బడికి ఒక చందా కట్టండి, అయిపోతుంది.

చివరగా మాస్టార్ల గురించి. పిల్లల చేతికి డబ్బా వెళ్ళే ముందు మాస్టారి చేతికి వెళ్ళాలి. నెలకొక సాయంత్రం, రెండు గంటలు, అయిదారు బళ్ళ సైన్సు టీచర్లను ఒకచోట కూర్చోబెట్టండి. వచ్చే నెల పాఠంలో ఉన్న ప్రయోగం వాళ్ళంతట వాళ్ళు చేసి చూసుకోవాలి. ఉపన్యాసాలు వద్దు, ఇలాంటివి కూడా వద్దు. టీ ఖర్చూ ఆటో ఖర్చూ క్లబ్బుదే. పిల్లల ముందు ప్రయోగం కుదరదేమోనన్న బెరుకు కూడా ఒక తాళమే. అది ఈ సాయంత్రాల్లో ఊడుతుంది.

నేను ఎక్కువ మాట్లాడేశాను. ఆ మూల బల్ల మీద ముప్ఫై తీగ చుట్టలు, సెల్సు, పిన్నీసులు, అయస్కాంతాలు పెట్టించాం. భోజనాలు వడ్డించడానికి ఇంకా అరగంట పడుతుందట. అధ్యక్షులవారితో సహా అందరూ ఒక్కో మోటారు తిప్పి, ఆ తరువాతే చేతులు కడుక్కోండి. గరుకు కాగితం కుడివైపు పళ్ళెంలో ఉంది. రెండో కొస సగమేనండీ, సగమే గీకండి.